కండెమ్ చేశారా, కండోన్ చేశారా?

శ్రోతలకు నమస్కారం.

ఎక్కడో దాడి జరుగుతుంది. దాన్ని ఖండిస్తూ ఓ సంఘం ఇంగ్లీషులో ప్రకటన రాస్తుంది. తొందరలో 'స్ట్రాంగ్లీ కండెమ్' కాస్తా 'స్ట్రాంగ్లీ కండోన్' అవుతుంది. ఇంకేముంది, దెబ్బలు తిన్నవాళ్ల పక్షాన నిలబడాలనుకున్నవాళ్లు కొట్టినవాళ్లను వెనకేసుకొచ్చినట్టయింది! ఆ కాగితం బాధితుల ఇంట్లో ఎవరైనా చదివితే వాళ్ల మనసు ఎంత కష్టపడుతుందో ఆలోచించండి. ఈ రెండు మాటల గురించి నేనింత పట్టింపుగా మాట్లాడేది అందుకే.

కండెమ్ అంటే తప్పని తేల్చి చెప్పడం. మన 'ఖండించు'తో దానికి చుట్టరికం లేదుగానీ, శబ్దం దగ్గరగా ఉంది కాబట్టి గుర్తుంచుకోవడం తేలిక. ఆఫీసుల్లో పాత జీపును కండెమ్ చేశారంటే, ఇక పనికిరాదని తేల్చేశారని. ఈ మాటతో పెద్ద పేచీ లేదు.

చిక్కంతా కండోన్‌తోనే. తప్పో లోటో ఉందని తెలిసీ, పోనిమ్మని వదిలేయడం దాని అర్థం. నిజానికి ఇది మన పిల్లల నోట రోజూ నలిగే మాట. జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం హాజరు 75 శాతం ఉండాలి. 65కి తగ్గకుండా ఉండి, సరైన కారణం చూపితే, ఆ లోటును మాఫీ చేస్తారు. దానికి కట్టేదే కండోనేషన్ ఫీజు. ఇక్కడొకటి గమనించండి. క్లాసులు ఎగ్గొట్టడం మంచి పనే అని కాలేజీ అనడం లేదు. లోటు ఉందని తెలిసే, ఈసారికి పోనిమ్మంటోంది.

కోర్టుల్లోనూ అంతే. అప్పీలు గడువు దాటితే 1963 నాటి లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని కండోన్ చేయమని పిటిషన్ వేస్తారు. తగిన కారణం ఉందనిపిస్తే జడ్జి ఒప్పుకుంటారు. ఆలస్యం చేసి మంచి పని చేశావని మాత్రం ఏ జడ్జీ అనరు.

హిందూ వివాహ చట్టం ఇంకా లోతుకు వెళ్లింది. క్రూరత్వం కారణంగా విడాకులు అడిగినప్పుడు, ఆ ప్రవర్తనను విడాకులు అడిగినవాళ్లు అంతకుముందే కండోన్ చేశారా అన్నది కోర్టు చూడాలని సెక్షన్ 23 చెబుతుంది. 1975లో దాస్తానే కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరించింది. క్షమించడం ఒక్కటే చాలదు, తప్పు చేసిన మనిషికి సంసారంలో మునుపటి స్థానం తిరిగి ఇవ్వాలి, అప్పుడే అది కండోనేషన్ అంది. అంటే జరిగింది తెలిసుండాలి, తెలిసీ దాన్ని పక్కన పెట్టాలి. పిల్లల ముఖం చూసో, వెళ్లడానికి వేరే చోటు లేకో నోరు మూసుకుని పడి ఉన్న ఇల్లాలు అన్నిటినీ కండోన్ చేసిందనడం అన్యాయమని నా అభిప్రాయం. మౌనం అర్ధాంగీకారమన్న సామెత అక్కడ చెల్లదు.

కాలేజీ, కోర్టు దాటి పత్రికల్లోకి వచ్చేసరికి ఇదే మాట నిందగా మారుతుంది. హింసను కండోన్ చేశారంటే, అడ్డుచెప్పాల్సినవాళ్లు చూసీ చూడనట్టు వదిలేశారని. కారణాలు వివరించినవాళ్ల మీద కూడా ఈ నింద వేస్తుంటారు, అది సరికాదు. 1968 మార్చిలో అమెరికాలోని డెట్రాయిట్ దగ్గర గ్రోస్ పాయింట్‌లో నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడుతూ అల్లర్లను ఖండించారు. వాటికి దారితీసిన దుర్భర పరిస్థితులను ఖండించకుండా అల్లర్లను మాత్రమే ఖండిస్తే సరిపోదని కూడా అన్నారు. ఆయన రెండుసార్లూ చేసింది కండెమే, ఎక్కడా కండోన్ లేదు.

రాసేవాళ్లకు ఒక్క చిట్కా. కండోన్ ఎక్కువగా 'డునాట్', 'కెనాట్' లాంటి మాటల వెంటే కనిపిస్తుంది. దాని ముందు 'స్ట్రాంగ్లీ' కనిపించిందంటే, ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా ఆగండి.