సిస్టర్ రాణి మరియ బస్సెక్కిన రోజు

ఫాదర్ గారికి, సిస్టర్లకి, పొద్దున్నే మెళియాపుట్టి, మందస వైపు నుంచి ఆటోలు కట్టించుకొని వచ్చిన అమ్మలకి, అయ్యలకి వందనాలు. నన్ను పది నిమిషాలే మాట్లాడమన్నారు గానీ, ముప్పై ఏళ్లు ఊరూరా వేదం చెప్పే ఉపదేశిగా తిరిగినోడిని, మైకు దొరికితే వదల్లేను, కాస్త ఓపిక పట్టండి.

వేదసాక్షి అంటే, విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చినోళ్లంటే, మనకేటి గుర్తొస్తాది? సింహాలు, కత్తులు, రోమా చక్రవర్తి. సిస్టర్ రాణి మరియ కూడా వేదసాక్షే, కానీ ఈవిడ మన కాలం మనిషే. 1995 ఫిబ్రవరి 25న చంపేసినారు, అప్పటికి నేను టెక్కలి చుట్టుపక్కల సైకిలు తొక్కుకుంటూ ఊళ్లు తిరుగుతున్నాను. 1954లో కేరళలో పుల్లువళి అనే ఊళ్లో పుట్టింది, ఫ్రాన్సిస్కన్ క్లారిస్టు సభలో మఠకన్యగా చేరింది, 1992లో మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దగ్గర ఉదయ్‌నగర్‌కి వచ్చింది.

అక్కడ ఆదివాసీలంతా షావుకార్ల అప్పుల్లో ఉన్నారు. ఈవిడ ఆడోళ్లని కూర్చోబెట్టి గ్రూపులు కట్టించింది, పొదుపు నేర్పింది, బ్యాంకులో అప్పు ఎలా అడగాలో, ఏ ఆఫీసుకెళ్తే ఏ పథకం వస్తాదో చెప్పింది. ఇంతే. ఇందులో ఒకర్ని చంపేంత ఏటుందీ అనిపిస్తాది కదా. మా నాయనమ్మ బతికుంటే అలా అనేది కాదు. ఆవిడ పండగ ఖర్చుకని ఒక షావుకారు దగ్గర డబ్బు తెచ్చి, తెల్ల కాగితం మీద వేలిముద్ర వేసేసింది, ఆ తర్వాత ఏటేటా మా చెట్టు చింతపండు నేరుగా ఆయన కొట్టుకే పోయేది, కుంచంతో కొలిచేది ఆయనే, పుస్తకంలో రాసేదీ ఆయనే. బాకీ ఎంతుందని అడిగితే, నీకు చదువొచ్చేటి అని నవ్వేవోడట. అలాంటి చోట ఒక సిస్టరమ్మ వచ్చి ఆ లెక్క నాకు చూపించు అంటే షావుకారికి ఎక్కడ కాలాలో అక్కడే కాల్తాది.

ఆ రోజు ఆవిడ ఇండోర్‌కి బస్సెక్కింది. సమందర్ సింగ్ అని ఒక కుర్రాడు, డబ్బున్నోళ్లు ఎగదోసి పంపినోడు, అదే బస్సులో ఉన్నాడు. అడవి దారిలో బస్సు ఆపించి, దిగి కొబ్బరికాయ కొట్టి, ముక్కలు అందరికీ పంచినాడని చెప్తారు. ఈవిడకీ ఒక ముక్క చాపి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడట. తర్వాత కత్తి తీసినాడు. ఒంటి మీద 54 గాయాలు. బస్సు నిండా జనం ఉన్నారు, ఒక్కరూ అడ్డు రాలేదు. నేనెప్పుడు ఈ కథ చెప్పినా ఆ జనం దగ్గరే ఆగిపోతాను, మనమైతే లేచేవోళ్లమా? నేను లేచేవోడినని గట్టిగా చెప్పలేను.

కానీ నన్నడిగితే చావు కన్నా తర్వాత జరిగిందే కష్టం. ఆవిడ చెల్లెలు, ఆవిడా సిస్టరే, సెల్మీ పాల్, 2002లో జైలుకెళ్లి ఆ కుర్రాడి చేతికి రాఖీ కట్టింది. ఇంట్లోవోళ్లు వదిలెయ్యమని రాసి ఇస్తే 2006లో బయటికొచ్చినాడు. తర్వాత కేరళ వెళ్లి ఆ తల్లి ముందు నిలబడితే, ఆవిడ ఆ చేతులే పట్టుకొని ముద్దు పెట్టుకుంది, నా కూతురి రక్తం అంటింది వీటికే కదా అని. 2017 నవంబర్ 4న ఇండోర్‌లో రాణి మరియని ధన్యురాలిగా, అంటే పునీతురాలు అవ్వడానికి ముందు మెట్టు, ప్రకటించిన పూజకి కూడా ఆయన వచ్చినాడు.

ఇది చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. ఎందుకంటే మా పెదనాన్న కొడుక్కీ నాకూ గట్టు తగువు, జానెడు గట్టు, పదకొండేళ్లు మాటల్లేవు. పూజలో సమాధానం ఇచ్చుకోండి అనగానే నేను అటు తిరిగి ఎవరో పిల్లాడికి చెయ్యి కలిపేవోడిని. ఉపదేశిని, మళ్లీ! మొన్న కార్తీకంలో వాళ్లింటికెళ్లినాను. వదిన టీ ఇచ్చింది. అన్నయ్య ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు, అది వేరే సంగతి.

సరే, ఫాదర్ గారు వాచీ చూస్తున్నారు. వచ్చే ఆదివారం పూజయ్యాక వరండాలో ఒక బల్ల వేస్తాం. డ్వాక్రా పాస్‌బుక్కులు, ఎవరి దగ్గరైనా వేలిముద్ర వేసిన కాగితాలుంటే అవీ, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని తెచ్చుకోండి, బ్యాంకులో పనిచేసి రిటైరైన మన మాస్టారొకరు కూర్చొని చదివి పెడతారు. కళ్లజోడు మర్చిపోకండి. బాబూ, ఆ మైకు ఆపెయ్యి.