పుట్టింటి ఊరు ఏదమ్మా?

(డిసెంబరు 1న, ప్రపంచ ఎయిడ్స్ దినాన, ఒక డిగ్రీ కళాశాల రెడ్ రిబ్బన్ క్లబ్ సభలో విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్ చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, గేటు దగ్గర ఎండలో నిలబడి నాకు పూలగుత్తి ఇచ్చిన ఎన్ఎస్ఎస్ పిల్లలకు నమస్కారం. పరిచయం చేసిన మేడం గారు నన్ను డాక్టరు గారు అన్నారు. కాదండీ, నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ముప్పై మూడేళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో రక్తం తీసి, చీటీలు రాసి రిటైరయ్యాను.

ఎయిడ్స్ గురించి మాట్లాడమన్నారు. దాని గురించి మీకు ఎంతో కొంత తెలుసు, రిబ్బన్లు గుచ్చుకునే కూర్చున్నారు. దాని చుట్టాల గురించి, అంటే లైంగికంగా సోకే మిగతా రోగాల గురించి మాత్రం ఎవరూ సభలు పెట్టరు. సవాయి అంటే సిఫిలిస్, సెగ అంటే గనేరియా, ఇంకా క్లమీడియా, ట్రైకోమొనాస్... ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ఈ నాలుగే కొత్తగా 37.4 కోట్ల సార్లు సోకాయి. నాలుగూ మందులతో నయమయ్యేవే. అయినా వీటికొక దినం లేదు, రిబ్బను లేదు. ఎలా సోకుతాయి, ఎలా తెలుసుకోవాలి, ఎలా ఆపాలి అని మూడు సంగతులు కాగితం మీద రాసుకొచ్చాను. ఎంతవరకు వెళ్తానో చూద్దాం.

ముందు పేరుతోనే నాకు పేచీ ఉంది. వీటిని మనవాళ్లు సుఖవ్యాధులన్నారు. ఆ మాట పెట్టినవాడు ప్రసూతి వార్డు వైపు ఎప్పుడూ వెళ్లి ఉండడు. సుఖం ఎవరిదో, వ్యాధి ఎవరిదో అక్కడ తెలుస్తుంది. సవాయికి మన ఆయుర్వేద గ్రంథాల్లో ఫిరంగ రోగం అని పేరు. పదహారో శతాబ్దంలో భావమిశ్రుడు అలా రాశాడు, ఫిరంగీలు, అంటే యూరప్ వాళ్లు, తెచ్చారని. అదే రోగాన్ని ఇటలీవాళ్లు ఫ్రెంచివాళ్ల జబ్బు అంటే, ఫ్రెంచివాళ్లు నేపుల్స్ జబ్బు అన్నారు. తనదని ఒప్పుకున్న దేశం ఒక్కటీ లేదు. ఇళ్లలోనూ అంతే.

వెనక వరుసలో నవ్వుతున్నారు. నవ్వండి బాబూ, పరవాలేదు. మా ల్యాబులోకి మొదటిసారి వచ్చినవాళ్లు కూడా నవ్వేవారు, ఎటు చూడాలో తెలియక.

మీ వయసులో నేను రోజూ పేపర్లో చూసిన ప్రకటన ఒకటుంది. 'గుప్తరోగాలకు గ్యారంటీ చికిత్స. ప్రతి నెల 5వ తేదీన ఫలానా లాడ్జి, ఫలానా గది.' బస్టాండు గోడల మీద, సులభ్ కాంప్లెక్సుల లోపల కూడా అదే. ఒక రోజు వచ్చి గది తీసుకుని, లేహ్యం డబ్బాలు అమ్ముకుని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయే మనిషి. ఇతని దగ్గరికి వెళ్లినవాళ్లు తగ్గిందనే చెప్పేవారు. అబద్ధం కాదు, తగ్గేది! ఎందుకో చెబుతాను. నేను ఈ రోజు ఇక్కడికి వచ్చింది ఈ ఒక్కటి చెప్పడానికే అనుకున్నా తప్పులేదు.

సవాయి సోకాక సుమారు మూడు వారాలకు, కొందరికి ఇంకా ఆలస్యంగా, మర్మావయవం మీద ఒక పుండు లేస్తుంది. అది నొప్పి పెట్టదు. గట్టిగా, శుభ్రంగా, ఒక్కటే ఉంటుంది. మూడు నుంచి ఆరు వారాల్లో ఏ మందూ వేయకపోయినా దానంతటదే మానిపోతుంది. లేహ్యం తిన్నా మానుతుంది, మజ్జిగ తాగినా మానుతుంది. పేరు లాడ్జి డాక్టరుకు వస్తుంది. రోగం మాత్రం రక్తంలో ఉంటుంది. కొన్ని వారాలకు అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు వస్తాయి, అవీ పోతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏమీ ఉండదు. ఏ పదేళ్లకో, ఇరవై ఏళ్లకో కొందరిలో గుండెనో మెదడునో పట్టుకుంటుంది. ఆ మధ్య కాలంలో ఆ ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే...

ఇక్కడ కాగితం పక్కన పెడతాను.

1990ల చివర్లో నేనొక చిన్న పట్టణంలో పనిచేసేవాణ్ణి. మంగళవారం గర్భిణుల ఓపీ. నలభై, యాభై సీసాల రక్తం వచ్చేది. సవాయికి వీడీఆర్ఎల్ పరీక్ష చేసేవాళ్లం. రక్తం గడ్డకట్టాక పైన తేరిన సీరం తీసి, 56 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచాలి. గాజు పలక మీద గుంటలో ఒక బొట్టు సీరం, దాని మీద యాంటిజెన్ అనే పరీక్ష ద్రవం ఒక బొట్టు. ఆ యాంటిజెన్ పశువు గుండె నుంచి తీసిన కొవ్వు పదార్థంతో తయారవుతుంది, ఏ రోజుకు ఆ రోజు కలుపుకోవాలి. పలకను నాలుగు నిమిషాలు గుండ్రంగా తిప్పాలి. తిప్పే మిషను ఉండేది. కరెంటు పోతే గడియారం చూసుకుంటూ చేత్తో తిప్పేవాణ్ణి. మైక్రోస్కోపు కింద పెడితే, రోగం లేని సీరంలో సన్నటి పుల్లల్లాంటి నలుసులు విడివిడిగా తేలుతుంటాయి. ఉంటే పాలు విరిగినట్టు ముద్దలు కడతాయి. మలేరియా, కుష్ఠు లాంటివి ఉన్నా ఒక్కోసారి ముద్ద కడుతుంది, అందుకని టీపీహెచ్ఏ అని ఇంకొక పరీక్షతో రూఢి చేసుకుంటారు.

ఒక మంగళవారం ఒక సీరం ముద్ద కట్టింది. సగానికి సగం పలచన చేసుకుంటూ పోయాను, 1:32 దాకా, అంటే ముప్పై రెండో వంతుకు పలచన చేసినా, కడుతూనే ఉంది. ఆమెకు ఏడో నెల. అంతకుముందు ఆరో నెలలో ఒక కాన్పు పోయింది. ఇంట్లో దిష్టి అన్నారట, మెడలో రెండు తాయెత్తులు ఉన్నాయి. ఎర్ర సిరాతో చీటీ రాసి ట్రేలో పెట్టాను. వచ్చే మంగళవారం వస్తే డాక్టరు గారు చూస్తారు కదా అనుకున్నాను.

ఆ మంగళవారం ఆమె రాలేదు. పురుటికి పుట్టింటికి తీసుకెళ్లారు. రిజిస్టరులో ఆమె పేరు, భర్త పేరు, అత్తగారి ఊరు ఉన్నాయి. పుట్టింటి ఊరు లేదు. ఆ గడే లేదు రిజిస్టరులో. ఎవరైనా అత్తగారింటికి వెళ్లి అడగవచ్చు. నర్సమ్మ వెళ్తుందని నేను, ల్యాబువాళ్లు చెబుతారని నర్సమ్మ అనుకున్నాం. చీటీ ట్రేలోనే ఉంది.

రెండున్నర నెలలకు ఆమె వచ్చింది. చేతిలో బిడ్డ లేదు. చచ్చి పుట్టాడు. కొత్త డాక్టరమ్మ మళ్లీ రక్తపరీక్ష రాసింది. నేను సూది తీస్తుంటే చెయ్యి చాపి, 'అయ్యా, పోయినసారి ఇచ్చిన రక్తం సరిపోలేదా?' అని అడిగింది.

సరిపోయిందమ్మా అని నేను చెప్పలేదు.

పిల్లలూ, ఆ మందు ఖరీదైనది కాదు. బెంజతీన్ పెన్సిలిన్. తొలి దశలో అయితే 24 లక్షల యూనిట్లు ఒక్కసారి చాలు, ఎప్పుడు సోకిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు. కాన్పుకు కనీసం నెల రోజుల ముందు పడితే చాలావరకు బిడ్డ బతికి బయటపడుతుంది. 1943లో అమెరికాలో ఈ రోగులకు తొలిసారి పెన్సిలిన్ ఇచ్చారు, ఇప్పటికీ అదే మందు పనిచేస్తోంది. ఆమె చీటీ నేను రాసిన రోజుకు కాన్పు ఇంకా రెండు నెలల పైన ఉంది.

భర్త మూడోసారి కబురు పెడితే వచ్చాడు. లారీ మీద క్లీనరు. 'నాకేమీ లేదు సార్, ఎప్పుడో పుండు లేస్తే లాడ్జి డాక్టరు తగ్గించాడు' అన్నాడు. అతని రక్తం కూడా ముద్ద కట్టింది. ఇద్దరికీ కలిపి మూడు వారాలు ఇంజెక్షన్లు వేశారు. నొప్పికి ఇద్దరూ కుంటుకుంటూ వెళ్లేవారు. ఆర్నెల్లకు ఆమెది 1:8కి దిగింది, అంటే మందు పట్టింది. ఆ తర్వాత పని వెతుక్కుంటూ వాళ్లు వేరే ఊరు వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా, సూది గుచ్చే ముందు ప్రతి గర్భిణినీ ఒక ప్రశ్న అడిగాను. 'పుట్టింటి ఊరు ఏదమ్మా?' రిజిస్టరు అంచున రాసుకునేవాణ్ణి. పైనుంచి తనిఖీకి వచ్చిన ఒకాయన, గడి లేనిచోట ఎందుకు రాస్తున్నావని మెమో కూడా ఇచ్చాడు. ఇప్పుడు వేలి కొసన ఒక్క చుక్కతో హెచ్ఐవీ, సవాయి రెండూ అరగంటలోపే చెప్పే కిట్లు వచ్చాయి. ఆమె వరండాలో కూర్చుని ఉండగానే చెప్పేయవచ్చు. ట్రే అక్కర్లేదు.

ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు. మిగిలింది గబగబా చెబుతాను.

కండోము. మా కాలంలో నిరోధ్ అంటే చాలు, అందరూ తల దించుకునేవారు. దాన్ని పర్సులో నెలల తరబడి పెట్టుకోకండి, వేడికి పాడవుతుంది. కొబ్బరినూనె తగిలితే రబ్బరు చిరుగుతుంది. అది కప్పని చోట పుండు ఉంటే అక్కణ్ణుంచి సోకవచ్చు, అయినా దానికి మించిన కవచం లేదు. కాలేయాన్ని పట్టే హెపటైటిస్ బి కూడా ఈ దారిన వస్తుంది. దానికి టీకా మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చింది, అంతకుముందు దిగుమతి సరుకే. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు తెచ్చే హెచ్‌పీవీకీ టీకా ఉంది. అమ్మాయిలు ఇంట్లో అడగండి. అబ్బాయిలు చెల్లెళ్ల కోసం అడగండి.

సెగకు మెడికల్ షాపులో అడిగి రెండు మాత్రలు మింగడం మానండి. పెన్సిలిన్‌కు ఆ క్రిమి ఎప్పుడో లొంగడం మానేసింది, తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్‌కూ అంతే. క్లమీడియా సోకిన ఆడవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. మందు పడకపోతే కొందరిలో లోపల ట్యూబులు, అంటే గర్భసంచికి అండం చేరే గొట్టాలు, మూసుకుపోతాయి. పిల్లలు పుట్టకపోతే గొడ్రాలనే మాట ఎవరికి పడుతుందో మీకు తెలుసు. భార్య ఒక్కతే మందు మింగితే ఉపయోగం లేదు, నెల తిరక్కుండా మళ్లీ అదే వస్తుంది. ప్రభుత్వ క్లినిక్కుల్లో ఈ మందులకు రంగు ప్యాకెట్లు ఉంటాయి. సెగకు బూడిద రంగు, పుండుకు తెల్లది. రెండో మనిషిని కూడా తీసుకురమ్మని అడుగుతారు. ఆ రెండో మనిషి రాడు. ముప్పై మూడేళ్లలో పిలవగానే వచ్చిన మగవాళ్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టగలను.

తలుపు దగ్గర చాక్‌పీసుల డబ్బా పెట్టించాను, ప్రశ్నలుంటే పేరు లేకుండా వేయమని. అప్పుడే ఒక చీటీ వచ్చినట్టుంది, ఇటివ్వు బాబూ. 'పరీక్షకు వెళ్తే ఇంట్లో తెలుస్తుందా?'

తెలియదు. మీరు చెబితే తప్ప తెలియదు. హెచ్ఐవీ విషయంలో అయితే అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. ముందు మాట్లాడి చూడాలంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోను చేయండి, డబ్బులు పడవు. జిల్లా ఆసుపత్రిలో సురక్ష క్లినిక్ అని బోర్డు ఉంటుంది, దాని మీద రోగం పేరు ఉండదు. కౌన్సెలర్ తలుపు వేసి మాట్లాడతారు. తోడు ఎవరూ లేకపోతే నాకు చెప్పండి, నేనే వస్తాను. ఇంట్లో ఖాళీగానే ఉన్నాను, ఆ వరండాలో ఏ బల్ల మీద కూర్చుంటే ఎవరికీ కనబడమో కూడా నాకు తెలుసు.