ఇంట్లో తినేవాళ్ళు ఎంతమంది?

(చెన్నై పెరంబూరులో తెలుగు మహిళల వంటల పోటీ బహుమతులు ఇచ్చిన రోజు చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకి, కమిటీవారికి, పొద్దున్నుంచీ పొయ్యి సెగలో నిలబడి పోటీలో పాల్గొన్న అక్కచెల్లెళ్ళకి, వాళ్ళ గిన్నెలూ సంచులూ మోసుకొచ్చిన అన్నదమ్ములకి నమస్కారం. సెక్రటరీగారు ఫోన్ చేసి, "మన ఊరగాయల గురించి ఒక పావుగంట మాట్లాడండమ్మా" అన్నారు. ఊరగాయ దగ్గరికి తప్పకుండా వస్తాను. కానీ దానికన్నా ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇంతమంది వండేవాళ్ళు ఒకచోట కూర్చున్నప్పుడే అది చెప్పాలి. అందుకే సరేనని వచ్చాను.

సరుకులకి కొరత వచ్చినప్పుడు కొట్లో "మనిషికి ఇంతే" అంటారు. సహాయం పంచేటప్పుడు "కార్డుకి ఇంతే" అంటారు. "మీ ఇంట్లో తినేవాళ్ళు ఎంతమంది?" అని మాత్రం ఎవరూ అడగరు. ఆ ఒక్క ప్రశ్న అడగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మా ఇల్లు మీలో చాలామందికి తెలుసు. మా అత్తగారు, మావారు, నేను, మా మరిది, తోడికోడలు, వాళ్ళమ్మాయి, మా అబ్బాయిలిద్దరు, కోడళ్ళిద్దరు, మనవలు ముగ్గురు. పదమూడు మందిమి, వంట ఒక్కటే. పొద్దుటి ఇడ్లీ, దోసె పిండితో కలుపుకొని రోజుకి మూడున్నర కిలోల బియ్యం పడుతుంది. సాంబారుకీ పప్పుకీ కలిపి కందిపప్పు ఆరువందల గ్రాములు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

కరోనా వచ్చిన 2020లో మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకి ప్రధానమంత్రి టీవీలో మాట్లాడారు. ఆ అర్ధరాత్రి నుంచి 21 రోజులు ఎవరూ గడప దాటకూడదన్నారు. మర్నాడు ఉగాది, శార్వరి నామ సంవత్సరం. వేపపువ్వుకీ మామిడికాయకీ కూడా ఎవరినీ పంపలేని ఉగాది అది. ఏప్రిల్ వచ్చేసరికి ఒంటిగంటకల్లా కొట్ల షట్టర్లు దించేయించారు. అది కూడా ఎలాగో సర్దుకున్నాం. ఏప్రిల్ 24న ఇంకో ప్రకటన వచ్చింది. చెన్నై, కోయంబత్తూరు, మదురైలలో 26 నుంచి 29 దాకా పూర్తిగా బంద్, మళిగ కొట్లు, అంటే కిరాణా కొట్లు కూడా తియ్యకూడదు. అంటే మధ్యలో ఉన్నది ఒక్క శనివారం. ఆ శనివారం చెన్నై అంతా వీధిలోనే ఉంది, మీరూ ఉండే ఉంటారు.

నేను ఒక పెద్ద సూపర్‌మార్కెట్ ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడి, ఎండలో జరుగుతూ జరుగుతూ లోపలికి వెళ్ళాను. పేరెందుకు, అన్ని చోట్లా అదే పద్ధతి. కందిపప్పు నాలుగు కిలోలు, మినప్పప్పు మూడు కిలోలు, నూనె ఐదు పాకెట్లు బుట్టలో వేసుకున్నాను. బిల్లు వేసే అమ్మాయి ఒక్కోదాంట్లో రెండేసి పాకెట్లు ఉంచి మిగతావి పక్కకి తీసేసింది. "ఒరు ఆళుక్కు రెండు దాన్ మా" అంది, మనిషికి రెండేనమ్మా అని. ఇంట్లో పదమూడు మందిమి ఉన్నామమ్మా అని చెప్పాను. "అయితే ఇంకొకర్ని తీసుకురండి" అంది. తీసుకొస్తే రోడ్డు మీద పోలీసు ఊరుకోడు, ఇంటికి ఒక్కరే రావాలి. లోపల మనిషికి రెండే, బయట ఇంటికి ఒక్కరే. ఈ రెండు రూల్సూ కలిపితే మా ఇంటికి రెండు కిలోల పప్పు.

ఆ అమ్మాయిని నేను ఏమీ అనను. గల్లా పక్కన కాగితం అంటించి ఉంది, పైవాళ్ళు రాసింది, తను పాటించింది. మాస్కు వెనక ఆ పిల్ల ముఖం కూడా చెమటతో తడిసిపోయి ఉంది. నా ముందు నిలబడినాయన అపార్ట్‌మెంట్లో ఉంటాడు, మొగుడూ పెళ్ళాం ఇద్దరే. ఆయనకీ రెండు కిలోల కందిపప్పే ఇచ్చారు. ఇప్పుడు లెక్క వెయ్యండి. ఇద్దరికి రోజుకి వంద గ్రాములు చాలు, ఆ పప్పు వాళ్ళకి ఇరవై రోజులు వస్తుంది. మా ఇంట్లో నాలుగో రోజుకి డబ్బా ఖాళీ. ఇద్దరికీ సమానంగా ఇచ్చామని కొట్టువాళ్ళు అనుకుని ఉంటారు. సమానంగా ఇచ్చినట్టా ఇది? మీరే చెప్పండి.

పరిమితి పెట్టొద్దని నేను అనడంలేదు, ఈ మాట స్పష్టంగా వినండి. పెట్టకపోతే ముందొచ్చినవాడు బస్తాలు బస్తాలు ఎత్తుకుపోతాడు, వెనకొచ్చినవాడికి ఖాళీ అర కనిపిస్తుంది. పరిమితి ఉండాలి. అది నోళ్ళని బట్టి ఉండాలి.

మా వీధి చివర అన్నాచ్చి కొట్టు ఉంది, కిరాణా కొట్టాయన్ని ఇక్కడ అలాగే పిలుస్తాం. ఆయనా పరిమితి పెట్టాడు. షట్టరు సగం దించి, అడ్డంగా ఒక బల్ల వేసి, ఖాతా పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేవాడు. మా మరిది వెళితే మూడు కిలోల పప్పు ఇచ్చాడు. ఎదురింటి మామ్మగారు ఒంటరి మనిషి, ఆవిడకి అరకిలో ఇచ్చాడు. ఆవిడ ఒక్కమాట అనలేదు, సరిపోతుందని ఆవిడకీ తెలుసు. మా ఇంట్లో బియ్యం బస్తా ఎన్నాళ్ళకి అవుతుందో మా పెద్దబ్బాయికి తెలియదు గానీ ఆ అన్నాచ్చికి తెలుసు. కంప్యూటర్ లేదు, స్కానర్ లేదు. ఏ ఇంట్లో పెళ్ళయిందో, ఏ ఇంట్లో బిడ్డ పుట్టిందో తెలిసిన మనిషి. ఆయన దగ్గర కూడా సరుకు తక్కువే ఉంది. కానీ ఆ తక్కువని పంచిన తీరు న్యాయంగా ఉంది. ఇవాళ ఫోన్‌లో ఆర్డర్ పెట్టుకుని వీధి కొట్టుకి వెళ్ళడం మానేసినవాళ్ళు ఈ సంగతి ఒకసారి ఆలోచించండమ్మా.

మా అత్తగారు కంట్రోలు బియ్యం నాటి మనిషి. 1952లో ముఖ్యమంత్రి రాజాజీ బియ్యం మీద రేషన్ కంట్రోలు ఎత్తేసినప్పుడు ఆవిడ చిన్నపిల్ల, వాళ్ళ నాన్నగారు ఇంటికొచ్చి చెప్పిన మాటలు ఆవిడకి గుర్తు. మళ్ళీ 65, 66లో వానల్లేక మద్రాసులో బియ్యానికి కటకట వచ్చింది. లాల్ బహదూర్ శాస్త్రిగారు సోమవారం ఒక పూట మానమంటే ఇంటిల్లిపాదీ మానారట. అమెరికా గోధుమలు వచ్చేవి. గోధుమ తినడం అలవాటు లేని ఇల్లు, రవ్వ పట్టించి ఉప్మా చేస్తే మావగారు కంచం ముందు కూర్చుని లేచి వెళ్ళిపోయేవారట. 1967లో అణ్ణాదురైగారు ముఖ్యమంత్రిగా వచ్చాక మద్రాసులో, కోయంబత్తూరులో రూపాయికి ఒక పడి (పాతకాలం కొలత) బియ్యం ఇస్తే, ఆ క్యూలో మా అత్తగారు చంకలో పిల్లాడితో నిలబడ్డారు. ఆ పిల్లాడే మావారు, అదిగో మూడో వరసలో కూర్చున్నారు. ఆవిడ ఎప్పుడూ ఒక మాట అంటారు, "అప్పుడు ఇచ్చింది తక్కువే, కానీ పెద్దలు ఎంతమంది, పిల్లలు ఎంతమంది అని అడిగి యూనిట్లు రాసుకుని ఇచ్చేవాళ్ళు" అని. చదువుకోని మనిషి అన్న మాట ఇది. కంప్యూటర్లు లేని కాలంలో తలలు లెక్కపెట్టగలిగారు. 2017 నుంచి మన చేతిలో స్మార్ట్ కార్డు ఉంది. రేషన్ షాపులో స్కాన్ చేస్తే ఇంట్లో ఎంతమందో మిషన్‌లో కనపడుతుంది. ఇప్పుడు ఎందుకు లెక్కపెట్టలేం?

తమిళనాడు రేషన్ గురించి నేను చెడ్డగా మాట్లాడను. 2011 జూన్ నుంచి ఇక్కడ బియ్యం ఉచితం. తెల్లకార్డా, ఇంకో రంగా అని ఊరంతటినీ విడదీయకుండా ఇచ్చే రాష్ట్రం ఇది. ముప్ఫై రూపాయలకి కిలో కందిపప్పు, ఇరవై ఐదుకి పామాయిలు. ఆ పామాయిలే లేకపోతే ఆ ఏప్రిల్‌లో మా ఇంట్లో పోపు లేదు. వీధిలో టోకెన్లు ఇచ్చి, ఫలానా రోజు ఫలానా టైముకి రమ్మని, తొక్కిసలాట లేకుండా ఇచ్చారు. వాళ్ళకి దణ్ణం పెడతాను. కానీ మాలాంటి కార్డుకి బియ్యం 20 కిలోలకి మించి ఇవ్వరు. రోజుకి మూడున్నర కిలోలు అన్నాను కదా, ఆరు రోజులు నిండకుండానే అయిపోతుంది. 2020 ఏప్రిల్‌లో వెయ్యి రూపాయలు ఇచ్చారు, కార్డుకి. 2021లో నాలుగు వేలు, కార్డుకి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చి వ్యాసర్‌పాడి, పుళియంతోపు నీళ్ళలో మునిగినప్పుడు ఆరు వేలు, అదీ కార్డుకే. ఇద్దరున్నా అంతే, పదమూడు మంది ఉన్నా అంతే.

అప్పుడు చుట్టాలందరూ ఒకే సలహా చెప్పారు. పేరుకి వేరు కాపురం చూపించండి, వేరే గ్యాస్ బుక్ పెట్టి మూడు కార్డులు తీసుకోండి, ఎవరు చూడొచ్చారు అని. ఆ మాట మా అత్తగారి చెవిన పడింది. ఆవిడ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక్క పొయ్యి మీద వండుకుని తింటున్నవాళ్ళని, విడిపోయాం అని కాగితం మీద అబద్ధం రాస్తే తప్ప పూర్తి భోజనం రాదు అనే చోట నిలబెట్టకూడదండీ. కలిసి ఉండేవాళ్ళ మీద ఇది ఒక పన్ను. ఉమ్మడి కుటుంబం గొప్పదని ప్రతి సభలోనూ చెప్తారు, శాలువాలు కప్పుతారు. సరుకు పంచే రోజు ఆ కుటుంబాన్ని ఒక మనిషిగా లెక్కకడతారు.

సెక్రటరీగారు వాచీ చూస్తున్నారు. ఊరగాయ దగ్గరికి వస్తున్నానండీ.

ఏప్రిల్ చివర, మే మొదట్లో ఆవకాయ పెట్టాలి. ఆ తర్వాత కాయ పండు తిరుగుతుంది, ముక్క మెత్తబడుతుంది. మా ఇంటికి ఏడాదికి యాభై కాయ. కారం, ఆవపిండి, ఉప్పు సంగతి సరే, నువ్వుల నూనె ఐదు లీటర్లు లేకుండా జాడీ మునగదు. ముక్క మునగకపోతే బూజు పడుతుంది, ఇక్కడ ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. మనిషికి రెండు పాకెట్లు అన్న ఏడాది ఐదు లీటర్లు ఎక్కడ తెస్తాం? కాయ కూడా అంతంతమాత్రం. మే 5న కోయంబేడు మార్కెట్టే మూసేశారు, కూరగాయలు తిరుమళిశైకి మార్చారు. ఆ వారం టమాటా ఏమైందో మీకు గుర్తుండే ఉంటుంది. పదిహేను కాయ పెట్టాం, అంతే. ఆవకాయంటే పండక్కి తినే రుచి అనుకునేవాళ్ళకి ఇది చిన్న విషయంగా కనిపించొచ్చు. పెద్ద ఇంట్లో కూర చాలని రోజున అన్నంలో కలుపుకునేది అదే. కూర చాలని రోజు మాకు తరచుగా వస్తుంది.

చాలకపోతే ఎవరు మానతారు? అసలు చెప్పాలనుకున్నది ఇదే. పప్పులో సొరకాయ వేసి పెంచాను. సాంబారు మానేసి పప్పుచారు, పప్పుచారు మానేసి మజ్జిగ పులుసు చేశాను. రేషన్ ఉప్పుడు బియ్యం నాలుగు గ్లాసులకి ఒక గ్లాసు మినప్పప్పు వేసేదాన్ని, అది ఐదుకి ఒకటి చేశాను, ఇడ్లీ కాస్త గట్టిపడ్డా పిల్లలు తిన్నారు. రాత్రి మిగిలిన అన్నం నీళ్ళలో వేసి పొద్దున చద్దన్నం పెట్టాను. ఇన్ని చేసినా ఒకరోజు మధ్యాహ్నం మొదటి బంతి లేచాక చూస్తే గిన్నెలో గరిటెడు కూర కూడా లేదు. మేం నలుగురు ఆడవాళ్ళం రెండో బంతి. మా చిన్న కోడలు చంటిబిడ్డకి పాలిచ్చే తల్లి. మజ్జిగా ఉప్పూ వేసుకుని తింటోంది, కూర వద్దా అంటే "నాకు ఇష్టం లేదత్తయ్యా" అంది. వంకాయ కూర అంటే ప్రాణం ఆ పిల్లకి. అంతకుముందు రోజూ అదే మాట అందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో బంతులు తిరగేశాను. పాలిచ్చే తల్లి, పిల్లలు, మా అత్తగారు ముందు. మగవాళ్ళు ఆఖరు. మావారు ఒక్కమాట అనలేదు, అది కూడా చెప్పాలి.

గల్లా దగ్గర పక్కకి తీసిపెట్టిన ఆ కిలో, రెండు కిలోలూ చివరికి ఎవరి కంచంలో తగ్గుతాయో ఆ కాగితం అంటించినవాళ్ళకి తెలియదు. ఇక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ రోజుల్లో "నాకు ఆకలి లేదు" అని చెప్పి లేచినవాళ్ళు చేతులెత్తండి. ఎత్తండమ్మా, ఇక్కడ ఎవరూ పరాయివాళ్ళు లేరు. చూడండి సెక్రటరీగారూ, ఎన్ని చేతులో. వెనక వరసలో అమ్మాయి, నువ్వు కూడానా?

లాక్‌డౌన్ అయిపోయింది కదా, ఇప్పుడెందుకు అంటారేమో. మిచాంగ్ తుఫాను వారం పాలపాకెట్లకి మనిషికి రెండే అని మళ్ళీ అదే అన్నారు. డిసెంబరు వస్తే ఈ ఊరికి తుఫాను భయం తప్పదు. కొరత రోజున వాదించే ఓపిక ఎవరికీ ఉండదు, అందరూ టెన్షన్‌లో ఉంటారు. సరుకు నిండుగా ఉన్న ఈ రోజే అడగాలి.

రెండు కాగితాలు రాసి తెచ్చాను, తమిళంలో. ఒకటి సివిల్ సప్లైస్‌వాళ్ళకి. విపత్తు వచ్చినప్పుడు ఇచ్చే బియ్యం, సరుకులు, డబ్బు కార్డులో ఉన్న పేర్లని బట్టి ఇవ్వాలని అందులో ఉంది. ఒంటరిగా ఉన్నవాళ్ళకి ఇప్పుడు వచ్చేది తగ్గించకుండా, ఎక్కువమంది ఉన్న ఇళ్ళకి కలపాలి. రెండోది మన చుట్టుపక్కల పెద్ద కొట్లకి. పరిమితి పెట్టే రోజున రేషన్ కార్డు చూపిస్తే తలకి ఇంత చొప్పున ఇమ్మని. మా పెద్దబ్బాయి ఆ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు, పెన్నులు కూడా ఉన్నాయి. పేరు, వీధి, ఇంట్లో తినేవాళ్ళు ఎంతమందో రాసి సంతకం పెట్టండి. చంటిపిల్లలని కూడా కలిపి రాయండి. సంతకాలయ్యాక భోజనాలకి వెళ్దాం, గోంగూర పచ్చడి మొదటి బహుమతి వచ్చినావిడదేనట. నమస్కారం.