మినుము వేరు బుడిపె కోసి చూడండి, లోపల ఏ రంగు ఉంది?

[దృశ్యం: నెల రోజుల మినుము చేను. పార మొక్కకు జానెడు దూరంలో దిగుతుంది. మట్టిపెళ్లతో సహా మొక్క పైకి వస్తుంది.]

మొక్కను పట్టుకుని పీకొద్దు. పీకితే బుడిపెలన్నీ మట్టిలోనే తెగిపోతాయి, చేతికి ఉత్త వేరు వస్తుంది. "మా చేలో బుడిపెలే లేవండీ" అనే మాట చాలాసార్లు అలా పీకి చూసినవాళ్ల దగ్గరే వినిపిస్తుంది. ఇలా పెళ్లతో తీసి, బకెట్ నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, మెల్లగా జాడించాలి.

[దృశ్యం: కడిగిన వేరు అరచేతిలో. ఆవగింజంత నుంచి మిరియపు గింజంత దాకా గుండ్రటి బుడిపెలు.]

ఇవే రైజోబియం జాతి బాక్టీరియా కాపురం ఉండే గదులు. ఎన్ని ఉన్నాయన్నది తర్వాత. ముందు ఒకటి గోటితో చీల్చండి.

[దృశ్యం: దగ్గరగా. చీల్చిన బుడిపె లోపల గులాబీ ఎరుపు. గోటికి కూడా ఆ రంగు అంటుతుంది.]

ఇది లెగ్‌హిమోగ్లోబిన్. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. మొక్కకు దీంతో పనేమిటంటే, గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా మొక్క దాన్ని నేరుగా తినలేదు. బాక్టీరియా దగ్గరున్న నైట్రోజినేస్ అనే ఎంజైమ్ దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది. ఆ ఎంజైమ్‌కు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. కానీ బాక్టీరియాకు ఊపిరాడాలంటే ఆక్సిజనే కావాలి. లెగ్‌హిమోగ్లోబిన్ ఈ చిక్కు విప్పుతుంది. ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, అవసరమైనంతే కొంచెం కొంచెంగా అందిస్తుంది. అందుకే గులాబీ రంగు ఉందంటే లోపల పని జరుగుతోందని అర్థం.

లోపల తెల్లగా ఉంటే బుడిపె ఇంకా లేతది, లేదా అందులో చేరిన బాక్టీరియా పనికిరాని రకం. ఆకుపచ్చగా, గోధుమ రంగులో ఉంటే దాని పని అయిపోయింది. కాయ గింజ కట్టేటప్పుడు ఇది మామూలే. నెల రోజులకే అలా ఉంటే మాత్రం చేలో నీరు నిలిచిందేమో చూడండి. రెండు మూడు రోజులు నీరు నిలిస్తే వేరుకు గాలి అందక బుడిపె పని మందగిస్తుంది, ఇంకా నిలిస్తే చచ్చిపోతుంది.

[దృశ్యం: రెండు వేర్లు పక్కపక్కన. ఒకదానికి బుడిపెలు, మరోదానికి నులిపురుగు ముడులు.]

వీటిని కలగాపులగం చేసుకోవద్దు. బొటనవేలితో తోస్తే రైజోబియం బుడిపె పక్కకు ఊడి వస్తుంది. నులిపురుగు ముడి ఊడదు, ఎందుకంటే అక్కడ వేరు తానే ఉబ్బింది.

[దృశ్యం: బొమ్మ. వేరు నూగు, దాని చుట్టూ బాక్టీరియా.]

కాపురం ఎలా మొదలవుతుందో క్లుప్తంగా. వేరు ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలు వదులుతుంది. వాటిని గుర్తుపట్టిన బాక్టీరియా తన వైపు నుంచి ఒక సంకేతం పంపుతుంది. వేరు నూగు వంకీలా ముడుచుకుని దాన్ని లోపలికి తీసుకుంటుంది. వేరుశనగలో దారి వేరు: పక్కవేరు పుట్టేచోట ఏర్పడే పగులులోంచి బాక్టీరియా దూరుతుంది.

ఈ సంకేతాలు అందరికీ ఒకటి కావు. మినుము, పెసర, కంది, అలసంద, వేరుశనగ దాదాపు ఒకే గుంపు బాక్టీరియాతో సర్దుకుంటాయి. శనగకు వేరే జాతి కావాలి, సోయాచిక్కుడుకు ఇంకోటి. విత్తనానికి పట్టించడానికి ఈ బాక్టీరియాను పొడిలో కలిపి ప్యాకెట్లలో అమ్ముతారు, దాన్నే కల్చర్ అంటారు. అందుకే ఆ ప్యాకెట్ మీద పంట పేరు చూసే కొనాలి. శనగ కల్చర్ మినుముకు పట్టిస్తే ఖర్చు తప్ప ఫలితం ఉండదు.

[దృశ్యం: కోతకు వచ్చిన వరి మాగాణి. వరి మధ్య మినుము విత్తనం చల్లుతున్నారు.]

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లుతారు. నెలల తరబడి నీటిలో నానిన నేలలో, గాలి కావాల్సిన ఈ బాక్టీరియా బాగా తగ్గిపోయి ఉంటుంది. కల్చర్ అవసరం ఎక్కువగా ఉండేది ఇలాంటి చోటే. ఏటా మెట్టలో పెసర, కంది వేసి, బుడిపెలు ఎర్రగా కనబడే చేలో దీనివల్ల పెద్ద తేడా రాకపోవచ్చు.

[దృశ్యం: గిన్నె, బెల్లం, కల్చర్ ప్యాకెట్, పట్టా మీద విత్తనం.]

ఇప్పుడు పట్టించే పద్ధతి. ఎనిమిది కిలోల విత్తనానికి 200 గ్రాముల ప్యాకెట్ ఒకటి. మాగాణిలో ఎకరానికి 16 కిలోలు చల్లేవాళ్లకు రెండు. 200 మిల్లీలీటర్ల నీళ్లలో 20 గ్రాముల బెల్లం వేసి పది నిమిషాలు మరిగించి, పూర్తిగా చల్లార్చాలి. వేడి పాలలో తోడు వేస్తే పెరుగు అవుతుందా? ఇదీ అంతే. గిన్నె అడుగున చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా తగలకూడదు.

ఆ బెల్లం నీళ్లు విత్తనం మీద చిలకరించి కలపాలి. గింజ జిగటగా మెరిస్తే చాలు, నీళ్లు కారకూడదు. కారితే గింజలు ముద్దకడతాయి. తర్వాత కల్చర్ పొడి చల్లి, ప్రతి గింజకూ నల్లటి పూత వచ్చేదాకా కలిపి, నీడలో ఆరబెట్టాలి. ఎండలో వద్దు. విత్తడానికి గంట ముందు పట్టించి, ఆ పూటే చల్లేయాలి. సాయంత్రమైతే ఇంకా మంచిది.

[దృశ్యం: మూడు డబ్బాలు వరుసగా.]

ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. విత్తనానికి మందులు కూడా పట్టించేటప్పుడు వరుస ఇది: ముందు తెగుళ్ల మందు, అది ఆరాక పురుగుమందు, ఆఖరున రైజోబియం. మొదటి రెండూ ముందు రోజే పూర్తిచేయాలి. మూడూ ఒకే బకెట్లో కలిపితే మందు బాక్టీరియాను చంపుతుంది. రాగి ఉన్న మందులు దీనికి మరీ చేటు.

వేరుశనగ గింజతో ఇంకో చిక్కు. తడి తగిలితే పైపొర జారిపోతుంది, గట్టిగా కలిపితే గింజ బద్దలవుతుంది. దానికి రెండు కిలోల కల్చర్‌ను 50 కిలోల బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, తేమ ఉన్నప్పుడు ఎకరం చాళ్లలో వేయడమే మేలు.

కొనేటప్పుడు తయారీ తేదీ, గడువు తేదీ చూడండి. పొడి కల్చర్ సాధారణంగా ఆరు నెలలే. గ్రాముకు కనీసం ఐదు కోట్ల బతికున్న కణాలు ఉండాలన్నది నిబంధన. ఎండ తగిలే అద్దాల అలమరలో ఉన్న ప్యాకెట్లో ఎన్ని మిగులుతాయో మీరే ఊహించుకోండి.

[దృశ్యం: యూరియా బస్తా.]

యూరియా సంగతి. నేలలో నత్రజని దండిగా దొరికితే మొక్క బుడిపెలకు చక్కెర పంపడం తగ్గిస్తుంది, కొత్తవి పుట్టనివ్వదు. అలాగని అసలు వేయకూడదనీ కాదు. గింజలో దాచుకున్నది అయిపోయి, బుడిపె ఇంకా పని మొదలుపెట్టని ఆ రెండు వారాలు గడవాలి. మెట్టలో ఎకరానికి ఎనిమిది కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం ఆఖరి దుక్కిలో వేస్తే సరిపోతుంది. అంటే 18 కిలోల యూరియా, 125 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్. భాస్వరం మానేయొద్దు, బుడిపెకు కావాల్సిన శక్తికి అదే ఆధారం.

ఆకు పసుపు పడగానే యూరియా వైపు చెయ్యి పోతుంది. ముందు ఆకు చూడండి. అడుగు ఆకులు ఒకే తీరున పాలిపోతే నత్రజని లోపం. లేత ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలగలిసి ఉంటే పల్లాకు తెగులు. దానికి యూరియా మందు కాదు.

[దృశ్యం: చేలో రెండు మడులు, మధ్య గట్టు.]

మీ నేలకు కల్చర్ అవసరమో కాదో తేల్చాలంటే ఒక చిన్న మడిని కల్చర్ లేకుండా వదలండి. ముందు ఆ మడిలోనే విత్తాలి. కల్చర్ పట్టించిన విత్తనం తాకిన చేత్తో, అదే గంపతో తర్వాత విత్తితే అక్కడికీ బాక్టీరియా చేరిపోయి తేడా తెలియదు. నెల దాటాక రెండు చోట్లా ఐదేసి మొక్కలు పెళ్లతో తీసి, కడిగి, గులాబీ రంగు ఉన్న బుడిపెల్ని మాత్రమే లెక్కపెట్టండి.