రంగు పూసిన కిటికీలు, దొరకని కాగితం

2017 నవంబర్ 21. స్కాట్లాండ్‌లో క్లైడ్ నది ఒడ్డున పోర్ట్ గ్లాస్గో అనే ఊరు. అక్కడి ఫెర్గూసన్ మెరీన్ షిప్‌యార్డులో కొత్త ఓడను నీళ్ళలోకి దించుతున్నారు. ఓడ పేరు గ్లెన్ శానక్స్. అప్పటి ఫస్ట్ మినిస్టర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటివారు, నికోలా స్టర్జన్ వచ్చారు, జనం వచ్చారు, కెమెరాలు వచ్చాయి. ఓడ పైభాగంలో వరసగా నల్లటి కిటికీలు. దగ్గరికెళ్ళి చూస్తే అది ఉత్త నల్ల రంగు. అద్దాలు రావాల్సిన చోట కిటికీ ఆకారంలో పెయింట్ కొట్టేశారు.

ఒప్పందం ప్రకారం ఈ ఓడ 2018 వేసవికి జనాన్ని ఎక్కించుకోవాలి. నిజంగా ఎక్కించుకున్నది 2025 జనవరిలో.

ఇన్నేళ్ళూ స్కాట్లాండ్ పార్లమెంటులో సభ్యులు దీని మీద ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. నోటితో అడిగారు, రాతపూర్వకంగా అడిగారు, కమిటీల్లో కూర్చోబెట్టి అడిగారు. ఇవాళ నాకు ఓడకన్నా ఆ ప్రశ్నలే ముఖ్యం. ఏ ప్రశ్న గాలిలో కలిసిపోయింది, ఏది మంత్రులకు చెమటలు పట్టించింది అన్నది చూద్దాం.

ముందు రెండు ముక్కలు ఆ ప్రభుత్వం గురించి. స్కాట్లాండ్ అంటే మన రాష్ట్రం లాంటిదే అని చాలామంది అనుకుంటారు. కొంతవరకు నిజమే. కానీ మన రాష్ట్రాల అధికారాలు రాజ్యాంగంలో, ఏడో షెడ్యూల్‌లో రాసి ఉంటాయి. స్కాట్లాండ్ అధికారాలు లండన్ పార్లమెంటు చేసిన ఒక చట్టంలోంచి వచ్చాయి. 1997 సెప్టెంబర్‌లో రెఫరెండం పెడితే 74 శాతం మంది మాకు సొంత పార్లమెంటు కావాలన్నారు. 1998లో చట్టం వచ్చింది, 1999లో ఎన్నికలు జరిగాయి. మొత్తం 129 మంది సభ్యులు. మనం ఎమ్మెల్యే అన్నట్టు అక్కడ ఎమ్మెస్పీ అంటారు. ఆ చట్టంలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. స్కాట్లాండ్‌కు ఏమేం ఇస్తున్నామో అందులో జాబితా వేయలేదు. లండన్ దగ్గర ఏమేం ఉంచుకుంటున్నామో వేశారు. రక్షణ, విదేశాంగం, వలసలు, ఇలాంటివి. మిగిలిందంతా స్కాట్లాండ్‌దే. ఆసుపత్రులు, బడులు, పోలీసులు, దీవులకు తిరిగే పడవలు, అన్నీ. కాబట్టి పడవ రాకపోతే లండన్ మీదికి నెట్టేయడానికి ఎడిన్‌బరోలోని స్కాట్లాండ్ ప్రభుత్వానికి పెద్దగా దారి లేదు.

ఇక ప్రశ్నలు. సభ నడిచే రోజుల్లో ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఫస్ట్ మినిస్టర్ లేచి నిలబడాలి. ప్రతిపక్ష నాయకులు అడుగుతారు, ఆయనో ఆవిడో జవాబు చెప్తారు. యూట్యూబ్‌లో క్లిప్పులు చూసే ఉంటారు, భలే ఉంటుంది. అరుపులు, బల్లలు చరచడం, మధ్యలో ప్రిసైడింగ్ ఆఫీసర్, అంటే మన స్పీకర్ లాంటివారు, కూర్చోండి కూర్చోండి అనడం. మన అసెంబ్లీ చూసి పెరిగినవాళ్ళకు సొంతింటికి వెళ్ళినట్టే ఉంటుంది. కాకపోతే వెల్‌లోకి దూకరు, కాగితాలు చింపి విసరరు. అదొక్కటే లోటు.

కానీ ఆ అరగంట, ముప్పావు గంటలో బయటపడేది తక్కువ. ప్రతిపక్షం "సిగ్గుచేటు" అంటుంది. ప్రభుత్వం "మీ హయాంలో ఏం చేశారు" అంటుంది. సాయంత్రం వార్తల్లో పది సెకన్ల ముక్క వస్తుంది. అయిపోయింది.

అసలు పని రాతపూర్వక ప్రశ్నల్లో జరుగుతుంది. మన దగ్గర నక్షత్ర గుర్తు లేని ప్రశ్న అంటాం కదా, అలాంటిది. సభ్యుడు రాసిస్తాడు, ప్రభుత్వం మామూలుగా పది పనిదినాల్లో రాతలో జవాబివ్వాలి. ప్రశ్నా జవాబూ రెండూ పార్లమెంటు వెబ్‌సైట్లో పడతాయి, ఎవరైనా చదువుకోవచ్చు. వీటికి చప్పట్లు ఉండవు, వ్యూస్ ఉండవు. కానీ ఒక మంత్రి పేరు మీద ఒక వాక్యం శాశ్వతంగా రికార్డులో పడుతుంది. రెండేళ్ళ తర్వాత ఇంకో కాగితం దొరికితే పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

ఇప్పుడు ఆ కొత్త ఓడ తిరగాల్సిన అరన్ దీవికి వెళ్దాం. 2011 లెక్కల్లో అక్కడి జనాభా 4,629. ప్రధాన భూభాగానికి గంట ప్రయాణం, అదీ పడవ మీద. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు మీద దాటినవాళ్ళకు రేవులో నిలబడి అవతలి ఒడ్డు చూసుకుంటూ ఎదురుచూడటం ఏమిటో తెలుసు. అక్కడ అది సముద్రం, అంతే తేడా. పడవ ఆగిందంటే ఆసుపత్రి అపాయింట్‌మెంట్ పోయింది, కొట్లో పాలు లేవు, హోటల్ గదులు ఖాళీ. ఆ దారిలో తిరిగే పాత పడవల్లో ఒకటి 1984 నాటిది, ఇంకొకటి 1993 నాటిది. అందులో 1993 నాటిది, కాలెడోనియన్ ఐల్స్, 2024 జనవరిలో మరమ్మతుకు వెళ్ళి ఏడాది దాటినా తిరిగి రాలేదు.

మరి ఆ దీవి మనిషి తరఫున ఎమ్మెస్పీ ప్రశ్న వేస్తే ఎవరికి వెయ్యాలి? ఇక్కడే ఉంది తమాషా. పడవలు నడిపేది కాల్‌మాక్ అనే కంపెనీ. ఆ పడవల యజమాని సీమాల్ అనే ఇంకో సంస్థ. పైన పర్యవేక్షణకు ట్రాన్స్‌పోర్ట్ స్కాట్లాండ్ అనే ప్రభుత్వ విభాగం. కట్టేది షిప్‌యార్డు, అదీ 2019 డిసెంబర్ నుంచి ప్రభుత్వానిదే. నాలుగు తలుపులూ ఒకే ఇంటివి. కానీ ఒక తలుపు తడితే పక్క తలుపు చూపిస్తారు. రోజువారీ నిర్వహణ మా చేతిలో ఉండదు, అది కాల్‌మాక్ చూసుకుంటుంది, వాళ్ళ అధికారి మీకు ఉత్తరం రాస్తారు అని మంత్రి జవాబు. పడవ లేకపోతే మేమేం నడుపుతాం అని కాల్‌మాక్. తిలాపాపం తలా పిడికెడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

మంత్రి చెప్పేది పూర్తిగా అబద్ధం కూడా కాదు, అదీ చిక్కు. రోజూ ఏ పడవ ఎన్నింటికి బయలుదేరాలో మంత్రి నిర్ణయించకూడదు, నిర్ణయిస్తే అదో గొడవ. అందుకే "పడవ ఎందుకు రాలేదు" అనే ప్రశ్నతో మంత్రిని పట్టుకోలేరు. "ఈ ఓడ కట్టే కాంట్రాక్టు ఇవ్వొచ్చని చివరి మాట అన్నది ఎవరు, ఏ తారీఖున, ఏ కాగితం మీద" అని అడిగితే మాత్రం కాల్‌మాక్ వైపు వేలు చూపించడం కుదరదు.

ఆ కాంట్రాక్టు సంగతి చెప్పుకోవాలి. 2014 ఆగస్టులో ఫెర్గూసన్ యార్డు దివాలా తీసింది. దాదాపు నెల తర్వాత స్కాట్లాండ్ స్వాతంత్ర్యం మీద రెఫరెండం. క్లైడ్ దిగువ ఒడ్డున మిగిలిన ఆఖరి వాణిజ్య షిప్‌యార్డు మూతపడితే రాజకీయంగా ఎంత దెబ్బో మీరే ఊహించుకోండి. జిమ్ మెకోల్ అనే పారిశ్రామికవేత్త కొన్నాడు. ప్రభుత్వానికి ఆర్థిక విషయాల్లో సలహాలిచ్చే మండలిలో ఆయన అప్పట్లో సభ్యుడు కూడా. 2015 అక్టోబర్‌లో గ్లెన్ శానక్స్‌తో కలిపి రెండు పడవల కాంట్రాక్టు ఈ యార్డుకు వచ్చింది. ధర 9.7 కోట్ల పౌండ్లు, పెంచడం లేదు, తగ్గించడం లేదు.

ఒక్కటి తక్కువైంది. బ్యాంకు గ్యారంటీ. మన కాంట్రాక్టర్లను అడగండి, చిన్న రోడ్డు పనికి కూడా బ్యాంకు గ్యారంటీ పెట్టందే ఫైలు కదలదు. ఓడల వ్యాపారంలోనూ అదే రివాజు. కట్టేవాడు చేతులెత్తేస్తే కొనేవాడు ఇచ్చిన డబ్బు బ్యాంకు తిరిగి కట్టాలి. పూర్తి మొత్తానికి గ్యారంటీ తేలేనని యార్డు చెప్పింది. కొనే సంస్థ సీమాల్ భయపడింది, ఇలా సంతకం పెట్టడం ప్రమాదమని పైకి రాసింది. అయినా ముందుకెళ్ళమని పైనుంచి మాట వచ్చింది.

ఆ తర్వాత జరిగింది చకచకా చెప్పేస్తాను, ఎందుకంటే వినీ వినీ విసుగొస్తుంది. డిజైన్ పూర్తిగా ఖాయం కాకుండానే పని మొదలైంది. కొనేవాడూ కట్టేవాడూ తప్పు నీదంటే నీదని కొట్టుకున్నారు. ప్రభుత్వం యార్డుకు 4.5 కోట్ల పౌండ్లు అప్పిచ్చింది. 2019లో యార్డు మళ్ళీ కూలింది, ప్రభుత్వమే తీసుకుంది. 2022లో చూస్తే ఓడలో వేసిన కేబుళ్ళు వందల సంఖ్యలో పొట్టివి, చేరాల్సిన చోటికి చేరవు. మొత్తం ఖర్చు మొదట అనుకున్నదానికి నాలుగింతల దాకా పోయింది.

ఇప్పుడు ప్రశ్నల దగ్గరికి. 2020 డిసెంబర్‌లో ఒక పార్లమెంటు కమిటీ విచారణ చేసి, ఈ వ్యవహారం నడిపిన తీరు ఘోర వైఫల్యమని రాసింది. ప్రభుత్వం కొన్ని ఒప్పుకుంది, కొన్ని కాదంది. అసలు దెబ్బ 2022 మార్చిలో తగిలింది. మనకు కాగ్ ఉన్నట్టు వాళ్ళకు ఆడిటర్ జనరల్ ఉంటారు. స్టీఫెన్ బోయిల్. ఆయన రిపోర్టులో తేల్చింది ఏమిటంటే, ఇంత ప్రమాదం ఉందని తెలిసి కూడా మంత్రులు ఎందుకు ఒప్పుకున్నారో చెప్పే రాతపూర్వక ఆధారం సరిపడా దొరకలేదు.

ఇది ఒకసారి ఆగి వినాలి. తప్పు నిర్ణయం తీసుకున్నారని ఆయన అనడం లేదు. నిర్ణయానికి కారణం కాగితం మీద లేదంటున్నారు. ప్రశ్న అడిగే హక్కు అంతా అక్కడ పడి గిలగిల కొట్టుకుంటుంది. కారణం రాసి ఉంటే అది మంచిదో చెడ్డదో సభలో వాదించుకోవచ్చు. రాయకపోతే? యార్డు బతకాలి, వందల కుటుంబాల ఉద్యోగాలు నిలవాలి అని మంత్రి నిజాయితీగా అనుకుని ఉండొచ్చు. అదీ ఒక కారణమే, నేనైతే తప్పు పట్టను. మరి అదే ముక్క ఫైల్లో రాసి, కింద సంతకం పెట్టడానికి ఏమడ్డం వచ్చింది?

గురువారం ప్రశ్నల్లో ప్రభుత్వం చెప్పింది, నిర్ణయం అప్పటి రవాణా మంత్రి డెరెక్ మెకే తీసుకున్నాడని. ఆయన 2020లోనే పదవి వదిలి వెళ్ళిపోయాడు. లేనివాడి మీదికి నెట్టడం ఎంత తేలికో, మన ఆఫీసుల్లో బదిలీ అయిపోయిన గుమాస్తా మీదికి నెట్టినట్టు. ప్రతిపక్షం ఊరుకోలేదు. ఆధారం చూపించండి, ఆధారం చూపించండి అని ఒకే మాట పట్టుకుని వారం వారం అడిగారు. ఇక్కడ వాళ్ళను మెచ్చుకోవాలి. సిగ్గుచేటు, రాజీనామా లాంటి మాటలు ఎన్ని విసిరినా ప్రభుత్వం చలించలేదు గానీ, ఈ చిన్న మాట దగ్గర ఇరుక్కుంది.

2022 మే. ఆడిటర్లు అంత వెతికినా దొరకని ఈమెయిల్ ఉన్నట్టుండి దొరికింది. 2015 అక్టోబర్ 9 నాటిది. మెకే ఆమోదించాడని అందులో ఉంది, కాబట్టి మేం చెప్పిందే నిజమని ప్రభుత్వం ఊపిరి పీల్చుకుంది. కానీ అదే మెయిల్లో ఇంకో పేరు కూడా ఉంది. అప్పటి డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్, ఆర్థిక శాఖ చూసే జాన్ స్విన్నీ. ఆయనకు కూడా విషయం వివరించారని తేలింది. కాలేస్తే జారే అరటి తొక్కల ప్రస్తావన, అంటే తర్వాత పరువు తీసే చిక్కుల సంగతి, కూడా అప్పటి మెయిళ్ళలో ఉంది. నేనేదో తెలుగులోకి మసాలా కలిపి చెప్తున్నాననుకోకండి, అధికారులు అరటి తొక్కలనే రాశారు.

చూశారా, ప్రభుత్వం తన రక్షణకు తెచ్చుకున్న కాగితమే కొత్త ప్రశ్నలు పుట్టించింది. పబ్లిక్ ఆడిట్ కమిటీ, మన పీఏసీ లాంటిదే, ఆ ఏడాది నవంబర్‌లో స్టర్జన్‌ను పిలిచి కూర్చోబెట్టి అడిగింది. ఆ కమిటీ రికార్డులు చదివితే గురువారం గొడవకూ దీనికీ తేడా తెలుస్తుంది. ఒక సభ్యుడు ఒక తేదీ పట్టుకుని ఐదారు ప్రశ్నలు వరసగా అడగగలుగుతాడు. జవాబు తప్పించుకుంటే మళ్ళీ అదే అడుగుతాడు. గురువారం అలా కుదరదు, రెండు మూడు ప్రశ్నలకే వంతు అయిపోతుంది.

ఉద్యోగం ఎవరికైనా పోయిందా అని అడుగుతారని తెలుసు. ఈ ఫైలు వల్ల ఏ మంత్రీ కుర్చీ దిగలేదు. 2024 మేలో జాన్ స్విన్నీ ఫస్ట్ మినిస్టర్ అయ్యారు. గురువారం పన్నెండింటికి లేచి పడవల మీద జవాబు చెప్పాల్సిన వంతు ఆయనకే వచ్చింది. రెండో పడవ గ్లెన్ రోజా ఆ ఏప్రిల్‌లోనే నీళ్ళలోకి దిగింది. ఆ తర్వాత దాని గడువు ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వెనక్కి జరిగింది.

మొదటిది, ఆ రంగు కిటికీల గ్లెన్ శానక్స్, అసలు కిటికీలతో 2025 జనవరిలో అరన్‌కు బయలుదేరింది. 102 మీటర్ల పొడుగు, 127 కార్లు పడతాయి. బయలుదేరింది మాత్రం ఎప్పటినుంచో అరన్ పడవలు ఆగే ఆర్డ్రోసాన్ రేవు నుంచి కాదు. కొత్త ఓడకు ఆ రేవు సరిపోలేదు. కాబట్టి దక్షిణాన ట్రూన్ నుంచి. అక్కణ్ణుంచి ప్రయాణం ఇంకాస్త ఎక్కువసేపు. రేవును ముందే ఎందుకు సిద్ధం చేయలేదని సభ్యులు అడిగారు. అప్పటికి ఆ రేవు ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో ఉంది. అంటే తట్టడానికి ఐదో తలుపు.