పత్తి ఆకు బెండాకు అయితే

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లు కొంచెం ముందుకు రండి, నేను చూపించబోయేది చిన్నది. రెండు ఆకులు తెచ్చాను, రెండూ పత్తి ఆకులే. ఇది మీరు రోజూ చూసేది, అరచేయంత వెడల్పు, మూడు నాలుగు తమ్మెలు. ఇప్పుడు ఇది చూడండి. సన్నగా వేళ్లలా చీలింది, ఈనెలన్నీ దగ్గరకొచ్చి దువ్వెన పళ్లలా పక్కపక్కనే నడుస్తున్నాయి, అంచు ముడుచుకుపోయింది. అచ్చం బెండాకు. పరకాల, నర్సంపేట, జమ్మికుంట దిక్కు నుంచి వచ్చిన పిల్లల్లో చాలామంది దీన్ని చూసే ఉంటారు.

నేను మొదటిసారి చూసింది ఇంటర్ చదివేటప్పుడు, మా చేన్లోనే. బాపు పొద్దున్నే పోయి వచ్చి, చేనుకు ఏదో తెగులు తగిలిందిరా అని మంచం మీద కూలబడ్డాడు. మందుల దుకాణంలో అడిగితే వైరస్ అన్నారు, ఒక డబ్బా ఇచ్చారు, కొట్టాం, ఏమీ కాలేదు, ఇంకో డబ్బా ఇచ్చారు, అదీ కొట్టాం. నెల పోయింది, అప్పు పెరిగింది. అసలు సంగతి ఏమిటంటే, పక్క చేను మక్కజొన్న, అందులో 2,4-డి అనే గడ్డి మందు కొట్టిన రోజు గాలి మా వైపు వీచింది. అంతే. తెగులూ లేదు, పురుగూ లేదు. మొక్కకు ఒక తప్పుడు కబురు అందింది.

ఈ కబురు అనే మాటను పట్టుకోండి, ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టే తిరుగుతుంది. మొక్కకు నరాలు లేవు, మెదడు లేదు, అయినా కొసన ఉన్న కణం కింద ఉన్న కణాలతో మాట్లాడుతుంది. ఆ మాటల్లో ఒకదాని పేరు ఆక్సిన్. చిగురులో తయారై కిందికి దిగుతుంది, ఎక్కడ పెరగాలి, ఎక్కడ ఆగాలి, వేరు ఎక్కడ పుట్టాలి అని చెప్తుంది. పత్తి తల తుంచితే పక్క కొమ్మలు ఎగబడి వస్తాయి కదా, పైనుంచి దిగే ఆక్సిన్ తగ్గింది కాబట్టే. మిరపతోటలో పూత రాలుతుంటే ప్లానోఫిక్స్ కొడతారు, అదీ ఆక్సిన్ పోలిక ఉన్న మందే. మీ అమ్మానాన్నలు ఏళ్ల తరబడి ఆక్సిన్‌తో పని చేస్తున్నారు, పేరు మాత్రం పుస్తకంలో ఉండిపోయింది.

2,4-డి కూడా ఆ పోలికదే. కణంలో ఆక్సిన్ వచ్చి కూర్చోవడానికి ఒక గ్రాహకం ఉంటుంది, ఇదీ పోయి అక్కడే కూర్చుంటుంది. అసలు ఆక్సిన్ అయితే పని అయిపోగానే కణం దాన్ని విరిచేస్తుంది, దీన్ని మాత్రం పత్తి అంత తొందరగా విరవలేదు, అందుకని పెరుగు, పెరుగు అనే కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. మక్కజొన్న దాన్ని త్వరగా విరిచేసుకోగలదు కాబట్టి తట్టుకుంటుంది. పత్తికి ఈ మందంటే అస్సలు పడదు. గాలే అక్కర్లేదు, పంపు సరిగ్గా కడగకుండా పత్తికి వాడినా అడుగున మిగిలిన కాస్త మందు చాలు.

మన ఒంట్లోనూ ఇదే పద్ధతి. పరీక్ష హాల్లో టెన్షన్ వచ్చినప్పుడు మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే గ్రంథుల నుంచి అడ్రినలిన్ వస్తుంది, రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, గుండెకు అందితే అది దడదడ కొట్టుకుంటుంది, పేగులకు అందితే వాటి పని మందగిస్తుంది. కబురు ఒకటే, వినే కణాన్ని బట్టి జవాబు మారుతుంది. ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు ఉంటారు. ఇన్సులిన్ అనేది కణం తలుపు దగ్గర చెప్పే మాట, చక్కెర వచ్చింది, లోపలికి తీసుకో అని. మనలో ఎక్కువమందికి ఉండే రెండో రకం షుగర్‌లో మొదట్లో ఇన్సులిన్ ఉంటుంది, కబురు వస్తుంది, కణమే సరిగ్గా వినదు. రోజూ నడవండని డాక్టర్ ఎందుకంటారంటే, పని చేస్తున్న కండరం ఇన్సులిన్ చెప్పకపోయినా చక్కెరను లోపలికి తీసుకుంటుంది.

సరే, మళ్లీ ఆకు దగ్గరకొద్దాం. మా చేన్లో ఒక విషయం నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. మందు పడింది చెట్టంతా, కానీ కింది ముదురు ఆకులు మామూలుగానే ఉన్నాయి, వంకర తిరిగినవన్నీ ఆ తర్వాత వచ్చిన కొత్త ఆకులు. ఎందుకు? ముదురు ఆకులో కణాలు విభజన ముగించుకుని స్థిరపడ్డాయి, వాటి ఆకారం ఇక మారదు. చిగురులో కణాలు ఇంకా రెండు, నాలుగు, ఎనిమిది అవుతున్నాయి. ఎటు విభజించుకోవాలి, ఎంత సాగాలి అని నిర్ణయమయ్యే సమయంలో తప్పుడు కబురు అందితే ఆకారమే మారిపోతుంది.

విభజన అంటే మధ్యకు కోయడం కాదు. మొక్క ఎలా ఉండాలో చెప్పే రాత కణంలో డీఎన్ఏ అనే పోగులో ఉంటుంది, ఆ పోగు చుట్టలే క్రోమోజోములు. పత్తి కణంలో 52, మనకు 46, ఉల్లిగడ్డకు 16. కణం ముందు తన డీఎన్ఏ మొత్తాన్ని నకలు తీస్తుంది, క్రోమోజోములను నడిమధ్య వరుసలో నిలబెడుతుంది, ప్రతి దానికీ రెండు వైపుల నుంచీ దారాలు తగులుకున్నాయో లేదో చూసుకుంటుంది, ఒక్కటి తగులుకోకపోయినా ఆగుతుంది, అన్నీ సరిగ్గా ఉంటేనే రెండు పక్కలకూ లాగుతుంది. ఈ ఆగడం చాలా ముఖ్యం. ఆగమని చెప్పే కబుర్లను వినడం మానేసిన కణాలే క్యాన్సర్ అవుతాయి.

ఇక్కడ మనవాడి గురించి చెప్పాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. డీఎన్ఏ నకలు తీయడానికి కణానికి ఫోలిక్ ఆమ్లం కావాలి, గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఇచ్చే మాత్రల్లో ఐరన్‌తో పాటు ఉండేది అదే. అమెరికాలో సుబ్బారావు బృందం అచ్చం ఫోలిక్ ఆమ్లంలా కనిపించి దాని పని మాత్రం చేయనివ్వని మందు తయారు చేసింది, పేరు అమినోప్టెరిన్. 1948లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గిందని లోకానికి చెప్పారు. అదే ఏడాది సుబ్బారావు పోయారు. ఆ మందు తమ్ముడు మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. గమనించారా, పోలిక ఉన్న అణువుతో కణాన్ని మోసం చేయడం అనే పని మా చేనును ముంచింది, అదే పని ఆస్పత్రిలో పిల్లల్ని బతికిస్తోంది.

ఇన్ని కణాలు పుట్టాలంటే సరుకు ఎక్కడిది? పత్తి ఏరడం అయ్యాక కట్టె పీకి కుప్పేస్తారు కదా, ఆ కుప్పంత బరువు ఎక్కడ నుంచి వచ్చింది? చాలామంది మన్ను నుంచి అంటారు. వాన్ హెల్మాంట్ అనే ఆయనకు 17వ శతాబ్దంలోనే ఇదే అనుమానం వచ్చి, తూచిన మట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి 5 ఏళ్లు నీళ్లే పోశాడు. చెట్టు 169 పౌన్లు దాటింది, మట్టి తగ్గింది 2 ఔన్సులు. నీళ్ల వల్లే పెరిగిందనుకున్నాడాయన, అందులో సగం నిజమే. ఎండిన కట్టెలో ఎక్కువ భాగం గాలి నుంచి వచ్చింది. గాలిలో పదివేల పాళ్లకు నాలుగు పాళ్లు మాత్రమే ఉండే కార్బన్ డయాక్సైడ్‌ను ఆకు సన్నటి రంధ్రాల గుండా లాక్కుని, ఎండతో నీటిని విరిచి, ఆ హైడ్రోజన్‌ను దీనికి జోడించి చక్కెర చేస్తుంది. మనం పీల్చే ఆక్సిజన్ ఆ విరిగిన నీటి నుంచి మిగిలింది, కార్బన్ డయాక్సైడ్ నుంచి కాదు. పరీక్షలో ఏటా తప్పు రాసే ప్రశ్న ఇది. ఎండ శక్తిని మధ్యలో మోసేది ఏటీపీ, దాన్ని 1929లో కండరంలో కనుక్కున్న వాళ్లలోనూ మన సుబ్బారావు ఉన్నారు. మక్క, జొన్న ఈ పని పత్తి కంటే, వరి కంటే మరో దారిలో చేస్తాయి, ఎండ మండిపోతున్నప్పుడు అవి ముందుంటాయి. ఇప్పుడు అర్థమైంది కదా, ముడుచుకున్న ఆకుకు ఎండ పట్టే వెడల్పు తగ్గితే కాయకు చేరే చక్కెర కూడా తగ్గుతుంది.

ఇంకో ప్రశ్న, ఇది మా బాపు అడిగింది. ఈ చెట్టు గింజ వేస్తే వచ్చే ఏడు కూడా ఆకులు ఇలాగే వస్తాయా? రావు. కబురు తప్పింది గానీ గింజలోని రాత చెడలేదు. కానీ వినండి, పుట్టుకతోనే బెండాకు లాంటి ఆకు ఉండే పత్తి రకాలు నిజంగా ఉన్నాయి. వాటికి ఆ ఆకారం జన్యువు వల్ల వచ్చింది. దాన్ని వెడల్పు ఆకు పత్తితో కలిపితే పిల్ల మొక్కలన్నింటికీ నడిమి రకం ఆకులొస్తాయి. వాటి గింజ మళ్లీ వేస్తే నాలుగింట ఒకటి బెండాకు, రెండు నడిమి రకం, ఒకటి వెడల్పు ఆకు. రెండు ఆకులు పక్కపక్కన పెడితే ఒకేలా కనిపించినా ఒకటి తరాలు దాటుతుంది, ఒకటి దాటదు. హైబ్రిడ్ పత్తి గింజ దాచుకుని వేస్తే చేను ఎగుడుదిగుడుగా ఎందుకు వస్తుందో దీనిలోనే ఉంది. వారసత్వ లెక్కలు మొదట తేల్చిన మెండెల్ గుండ్రని, ముడతల బఠానీలను కలిపితే మొదటి తరమంతా గుండ్రనివే, వాటి తర్వాతి తరాన్ని లెక్కపెడితే 5474 గుండ్రనివి, 1850 ముడతలవి వచ్చాయి, దాదాపు మూడుకు ఒకటి. ఒక తరంలో దాక్కున్న లక్షణం మళ్లీ బయటికొచ్చింది.

మనుషుల్లోనూ దాక్కుంటాయి. ములుగు, ఆసిఫాబాద్ వైపు ఆదివాసీ గూడేల్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. హిమోగ్లోబిన్ రాసే జన్యువులో ఒక్క అక్షరం మారింది, అంతే. తల్లీతండ్రుల్లో ఒక పక్క నుంచే వస్తే మామూలుగా జబ్బు పడరు, పైగా మలేరియా నుంచి కొంత కాపాడుతుంది. రెండు పక్కల నుంచీ వస్తే ఎర్ర కణాలు కొడవలిలా వంగి, నొప్పితో పిల్లాడు నిద్రపోడు. తల్లీతండ్రీ ఇద్దరూ మోస్తున్నవాళ్లయితే ప్రతి కాన్పుకూ నాలుగో వంతు అవకాశం, మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనేమీ లేదు. మేనరికాల దగ్గర నాకు భయమేసేది కూడా ఇందుకే. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో సగటున నాలుగో వంతు ఒకే పెద్దల నుంచి వచ్చినవే ఉంటాయి, దాక్కున్నది ఇద్దరిలోనూ అదే అయ్యే అవకాశం పెరుగుతుంది. పెళ్లికి ముందు రక్త పరీక్ష అడిగితే అవమానం అనుకోకండమ్మా.

ఇంకొకటి, అత్తలూ మామలూ వినాలి. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. ఎక్సో వైయో తెచ్చేది తండ్రి వీర్యకణం, ఎక్స్ తెస్తే ఆడపిల్ల, వై తెస్తే మగపిల్లాడు. ఆడపిల్ల పుట్టిందని కోడలిని పుట్టింటికి పంపిన ఇళ్లు నాకు తెలుసు, ఆ ఇళ్లలో ఈ మాట గట్టిగా చెప్పే చదువుకున్న పిల్ల ఒక్కతి లేకపోయింది.

ఇక ఈ రెండు ఆకులూ వెనక దాకా పంపుతున్నాను. చేత్తో పట్టుకుని ఈనెల మీద వేలు పెట్టి చూడండి, నలపకండి. ఇంటికెళ్లి గ్లాసులో నీళ్లు పోసి, అడుగు తడిసేలా ఒక ఉల్లిగడ్డ పెట్టండి, నాలుగైదు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. వేళ్లు ఉండగానే గడ్డను పట్టుకుని ల్యాబ్‌కి రండి, కొస కత్తిరించి రంగు పట్టించి, స్లైడు మీద బొటనవేలితో నొక్కి, ఆ 16 క్రోమోజోములు ఎలా వరుస కడతాయో మైక్రోస్కోపులో మీకే చూపిస్తాను. మైకు ఎవరికి ఇవ్వమంటారు, ప్రశ్న ఎవరిది?