పాప రింగుల జుట్టుకి స్ట్రెయిటెనింగ్ చేయించాలనుకుంటున్నారా? ముందు ఇది వినండి

నమస్తే అండీ. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు చిన్నపిల్లల ఒత్తైన రింగుల జుట్టు గురించి చెప్పుకుందాం. స్కూల్ యానివర్సరీలు, పెళ్లిళ్లు దగ్గరపడ్డాయంటే చాలు, తల్లులు అడిగేది ఒకటే. "పాపకి ఆరేళ్లు. జుట్టంతా నొక్కులు. దువ్వెన పెడితే ఏడుపు. క్లాసులో సాయిబాబా అని ఏడిపిస్తున్నారంట. స్మూతనింగో, కెరాటినో చేయించేస్తే పీడ పోతుంది కదా?"

నా మాట ముందే చెప్పేస్తాను. వద్దు. మందు పెట్టి జుట్టు సాగదీసే పని ఏ పేరుతో చేసినా సరే, పాప పెద్దదై తన ఇష్టంతో తాను అడిగేదాకా వద్దు. అయితే వద్దని చెప్పి వదిలేస్తే ఏం లాభం? రేపు పొద్దున ఆటో వచ్చేలోపు ఆ జడ వెయ్యాల్సింది మీరే. అందుకే జుట్టుని ఎలా చూసుకోవాలో ముందు చెప్తాను, మందుల సంగతి తర్వాత.

వెంట్రుక పుట్టే గుంట చర్మం లోపల తిన్నగా ఉంటే వెంట్రుక తిన్నగా వస్తుంది, వంపు తిరిగి ఉంటే వంపుగా వస్తుంది. అది అమ్మానాన్నల నుంచి వచ్చే తీరు. గుండు కొట్టిస్తే సాఫుగా వస్తుందని మన వైపు గట్టి నమ్మకం. పెంచలకోనలోనో తిరుమలలోనో మొక్కు ఉంటే తీర్చుకోండి, అది దేవుడికీ మీకూ సంబంధించింది. కత్తి మాత్రం చర్మం పైనే తిరుగుతుంది, లోపలి గుంటని తాకదు. వయసుతో కొందరి జుట్టు తీరు మారుతుంది, గుండు వల్ల కాదు.

ఈ వంపుల వల్లే ఇంకో ఇబ్బంది ఉంది. మాడు మీద ఊరే సహజమైన నూనె తిన్నని వెంట్రుక మీద సులువుగా చివరిదాకా దిగుతుంది. రింగుల జుట్టులో వంపు దగ్గరల్లా ఆగిపోతుంది. మాడు జిడ్డుగా, చివర్లు ఎండిపోయి ఉండేది అందుకే. ఎండిన వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకుని చిక్కుపడతాయి. కాబట్టి రింగుల జుట్టుకి కావాల్సింది తడి, నూనె, ఓపిక. మనం చేసేదేమో దీనికి పూర్తిగా వ్యతిరేకం. పొద్దున్నే పొడి జుట్టులో సన్నపళ్ల దువ్వెన పెట్టి, పైనుంచి కిందికి ఒక్క లాగు లాగుతాం. చిక్కు విడదు, వెంట్రుక తెగుతుంది, బిడ్డ ఏడుస్తుంది.

అసలైన పని చిక్కు తీయడమే, కాబట్టి దగ్గరగా చూపిస్తాను. తల తడిగా ఉండాలి. కండిషనర్ ధారాళంగా పట్టించి ఉండాలి. జుట్టుని నాలుగు పాయలు చేసి మూడిటికి క్లిప్పులు పెట్టేయండి. నాలుగో పాయని ఇలా ఎడమ చేత్తో చిక్కు పైభాగంలో గట్టిగా పట్టుకోండి. ఇలా పట్టుకుంటే కింద ఎంత లాగినా ఆ లాగుడు మాడు దాకా పోదు. బిడ్డ ఏడవకుండా ఉండే కిటుకంతా ఈ పట్టులోనే ఉంది. ఇప్పుడు కుడి చేతి వేళ్లతో చివరి రెండు అంగుళాలు విడదీయండి. ఇదిగో, ఈ ముడి చూడండి. దీన్ని కిందికి లాగకూడదు. ముడిలో రెండు వేళ్లు పెట్టి పక్కలకి విప్పాలి. మరీ మొండికేస్తే ఇంకొంచెం కండిషనర్. వేళ్లు సాఫీగా దిగాక పెద్దపళ్ల దువ్వెన. అది కూడా చివర్ల నుంచే, మెల్లమెల్లగా పైకి. అయిపోయిన పాయని వదులుగా మెలితిప్పి పక్కన పెట్టండి, మళ్లీ కలిసి చిక్కుపడదు.

మొదట్లో టైము పడుతుంది, నిజమే. ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి. పాప చేతిలో బొమ్మో పుస్తకమో ఉండాలి. అమ్మే చెయ్యాలని రూలేం లేదు, నాన్నలూ నేర్చుకోవచ్చు. పట్టు తెలిస్తే ఎవరైనా చెయ్యగలరు. వారానికి ఒక తలస్నానం చాలు, చెమట ఎక్కువ పట్టే రోహిణీ కార్తెలో రెండు. మిగతా రోజుల్లో స్ప్రే సీసాలో నీళ్లు, అందులో కొద్దిగా కండిషనర్ కలిపి చల్లుకుని, జుట్టు చెమ్మగా అయ్యాకే దువ్వెన పట్టండి.

ఇక నీళ్లు. మన జిల్లాల్లో ఇది చాలా పెద్ద సంగతి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్ల కష్టం అందరికీ తెలుసు. జుట్టుని పాడుచేసేది ఆ ఫ్లోరైడ్ కాదు, బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం. మీ బకెట్ అంచుకి, కుళాయి మూతికి తెల్లగా గారలాగా పడుతుంది చూడండి, అదే వెంట్రుక మీదా పేరుకుంటుంది. ముట్టుకుంటే గరుకు. నెల్లూరు టౌనులో బోరు మీద ఆధారపడ్డ ఇళ్లలోనూ ఇదే గోల. ఒంటి సబ్బుతో తల రుద్దడం ఇక్కడ మరీ చెడ్డది. సబ్బు ఆ ఉప్పు నీళ్లలో విరిగి తెల్లటి తెట్టుగా మారి జుట్టుకి అంటుకుంటుంది. కుంకుడుకాయ రసం అలా విరగదు. మన అవ్వలు ఈ నీళ్లతోనే అంతంత జడలు పెంచారంటే కుంకుడుకాయకీ అందులో భాగం ఉంది. కాకపోతే కళ్లలో పడకుండా చూడాలి, చిక్కటి రసం అయితే జుట్టుని ఎండబెడుతుంది కాబట్టి పలచగా చేసుకోవాలి. షాంపూ అయితే మైల్డ్‌ది, మాడుకి మాత్రమే. చివరి రెండు చెంబులు మాత్రం మంచినీళ్ల క్యాన్‌లోవి పోయండి. తలస్నానమంతా ఆ నీళ్లతో అక్కర్లేదు, ఆ చివరి రెండు చెంబులే. తేడా మీ వేళ్లకే తెలుస్తుంది.

నూనె విషయంలో మన పాత పద్ధతే సరైనది. 2003లో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడిటినీ పోల్చి పరిశోధన చేశారు. వెంట్రుకలోంచి ప్రోటీన్ పోవడాన్ని బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. దానిలోని లారిక్ ఆమ్లం చిన్న అణువు, వెంట్రుక లోపలికి దిగుతుంది. మిగతావి పైనే ఉండిపోతాయి. షాపులో ఘుమఘుమలాడే హెయిర్ ఆయిల్ కొనేముందు సీసా వెనక చూడండి, లిక్విడ్ పారాఫిన్ అని ఉంటే అది మినరల్ ఆయిలే. తలస్నానానికి గంట ముందు మామూలు కొబ్బరినూనె, ముఖ్యంగా చివర్లకి పట్టించండి చాలు.

తల తుడవడానికి గరుకు టవల్ వద్దు. ఇంట్లో పాత వెంకటగిరి నూలుచీర ఉంటే ఒక ముక్క చింపి పెట్టుకోండి. ఎన్నో ఉతుకులు పడి మెత్తబడ్డ నూలు కదా, నీళ్లు పీల్చుకుంటుంది, వెంట్రుకని గీకదు. రుద్దకండి, చుట్టి ఒత్తండి. సాంబ్రాణి పొగ వేసే అలవాటు ఉంటే, ఆయాసం ఉన్న పిల్లలకి మానెయ్యండి. రాత్రి వదులుగా రెండు జడలు వేసి, దిండు మీద పాత పట్టుచీర ముక్క పరిస్తే పొద్దున సగం చిక్కు ఉండదు.

స్కూలుకి రెండు జడలు, రిబ్బన్లు తప్పవు. తప్పనిది బిగుతు కాదు. నుదుటి పక్కన, చెవుల పైన వెంట్రుకలు పలచబడుతున్నాయా, జడ వేశాక అక్కడ చిన్న పొక్కులు కనిపిస్తున్నాయా చూడండి. ఉంటే రోజూ లాగి కట్టడం వల్లే. అలాగే ఏళ్ల తరబడి లాగితే అక్కడ జుట్టు మళ్లీ రాదు. పాపిడి అప్పుడప్పుడు మార్చండి. ఎగిరే చిన్న వెంట్రుకల కోసం బిగించక్కర్లేదు. రెండు చెంచాల అవిసె గింజలు ఒక గ్లాసు నీళ్లలో జిగురు వచ్చేదాకా మరిగించి, వేడి మీదే వడకట్టి, ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వారం వస్తుంది. వేలితో రాస్తే వెంట్రుకలు అణిగి ఉంటాయి.

ఇప్పుడు మందుల సంగతి. వెంట్రుకకి ఆకారం ఇచ్చే బంధాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒక రకం నీళ్లకీ వేడికీ విడిపోయి మళ్లీ కలుస్తాయి. హీట్ మెషీన్‌తో చేసే స్ట్రెయిటెనింగ్ వీటి మీదే పనిచేస్తుంది, నూలు చొక్కాకి ఇస్త్రీ చేసినట్టు. తడి తగిలితే మళ్లీ మొదటికే. ఇంకో రకం గంధకంతో ఏర్పడే గట్టి బంధాలు. రీబాండింగ్, స్మూతనింగ్‌లలో థయోగ్లైకొలేట్ లాంటి మందులతో వీటిని తెంచి, జుట్టుని సాగదీసి, మళ్లీ కలుపుతారు. కొన్ని రిలాక్సర్ క్రీముల్లో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడానే. పిల్లల మాడు పలచన. మండుతున్నా పార్లర్ ఆంటీకి చెప్పడానికి భయపడే వయసు. కదలకుండా కూర్చోమని మనమే గద్దిస్తాం. కాలిన తర్వాత ఎవరిననాలి?

"అవన్నీ కెమికల్స్, మాది కెరాటిన్, ప్రోటీన్ ట్రీట్‌మెంట్" అంటారు. ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. ఆ ట్రీట్‌మెంట్లలో చాలావాటిలో జుట్టుని సాగదీసేది ప్రోటీన్ కాదు, ఫార్మాల్డిహైడ్, లేకపోతే గ్లయాక్సిలిక్ ఆమ్లం. మెషీన్ పెట్టినప్పుడు పొగ లేచి కళ్లు మండుతాయి చూడండి, ఆ పొగ గురించే నా టెన్షన్. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఫార్మాల్డిహైడ్ ఫ్రీ అని సీసా మీద రాసి ఉన్నా, వేడి తగిలాక దాన్ని వదిలే పదార్థాలు లోపల ఉండొచ్చు. గ్లయాక్సిలిక్ ఆమ్లం సంగతి చూస్తే, 2024లో ఒక పెద్ద వైద్య పత్రికలో 26 ఏళ్ల యువతి కేసు వచ్చింది. స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న ప్రతిసారీ ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ క్రీము ఎలుకల చర్మానికి రాస్తే వాటి కిడ్నీల్లో ఆక్సలేట్ స్ఫటికాలు పేరుకున్నాయి. తలకి రాసింది తలతో ఆగదన్న మాట.

అమెరికాలో 33,497 మంది ఆడవాళ్లని ఏళ్ల తరబడి గమనించి 2022లో ఇంకో ఫలితం చెప్పారు. మందులతో స్ట్రెయిటెనింగ్ ఎప్పుడూ చేసుకోనివాళ్లలో 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం ఉంటే, ఏడాదిలో నాలుగుసార్లకి మించి చేసుకునేవాళ్లలో 4.05 శాతం. వాళ్లు పెద్దవాళ్లు, సంబంధం కనిపించిందే గానీ కారణమని తేలలేదు. అయినా ఆరేళ్ల పాపకి మొదలుపెడితే జీవితంలో ఎన్నిసార్లు అవుతుందో ఆలోచించండి. ఆ దేశంలో నల్లజాతి ఆడపిల్లలు తరతరాలుగా ఈ ఒత్తిడి మోశారు. జుట్టు తీరుని బట్టి బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదని 2019లో కాలిఫోర్నియా చట్టమే చేసింది.

మన ఇంట్లో ఒత్తిడి మాటల్లోంచి వస్తుంది. "దీని జుట్టుతో చస్తున్నా", "వాళ్ల నాన్న పోలిక, ఖర్మ", "అక్క జుట్టు ఎంత బాగుందో చూడు". ఇవన్నీ ఆ బిడ్డ అద్దం ముందు కూర్చుని వింటుంది. దయచేసి ఆపండి. ఏడిపించే పిల్లల గురించి టీచరుతో మాట్లాడండి. పాప రంగునో, కళ్లనో, ముక్కునో ఎగతాళి చేస్తే మీరు ఊరుకోరు కదా, జుట్టు విషయంలో ఎందుకు ఊరుకోవాలి?

ఫంక్షన్ రోజు ఒక్కసారి తిన్నగా కావాలని పాపే ముచ్చట పడితే దారి ఉంది. ముందు రోజు రాత్రి తడి జుట్టుని సాగదీసి, మెత్తటి బట్ట రబ్బర్లు పైనుంచి కిందిదాకా వరసగా పెట్టి ఆరనివ్వండి. పొద్దునకి చాలావరకు సాగుతుంది, పూలజడ చక్కగా నిలుస్తుంది. హీట్ మెషీన్ వాడాల్సే వస్తే ఎప్పుడో ఒకసారి, పూర్తిగా ఆరిన జుట్టు మీదే, 180 డిగ్రీలు దాటకుండా, పాయకి ఒక్కసారే. తడి జుట్టు మీద పెడితే లోపలి నీళ్లు ఆవిరై వెంట్రుకలో బుడగలు లేస్తాయి, అక్కడే విరుగుతుంది. అదే రోజు సాయంత్రం మైపాడు బీచ్‌కి మాత్రం తీసుకెళ్లకండి, ఆ తేమ గాలికి కాసేపట్లోనే రింగులన్నీ తిరిగి వచ్చేస్తాయి.

ఇప్పటికే చేయించేసిన తల్లులకి ఒక మాట. కంగారు పడకండి, మళ్లీ మాత్రం చేయించకండి. రెండో డోసు, టచప్ అని పిలుస్తారు, వెళ్లొద్దు. నెలకి సుమారు ఒక సెంటీమీటరు కొత్త జుట్టు వస్తుంది, అది రింగులతోనే వస్తుంది. కొత్త జుట్టూ పాత జుట్టూ కలిసే చోట వెంట్రుక చాలా బలహీనం, దువ్వేటప్పుడు అక్కడ పట్టుకుని దువ్వండి. రెండు మూడు నెలలకోసారి చివర్లు కొంచెం కొంచెంగా కత్తిరించుకుంటూ పోండి, మందు పెట్టిన భాగమంతా పోయేదాకా. మాడు మీద పుండ్లు, పొలుసులు ఉన్నా, జుట్టు గుప్పెళ్లుగా ఊడుతున్నా నూనెలతో వైద్యం చెయ్యకుండా చర్మ డాక్టరుకి చూపించండి. వెళ్లేటప్పుడు పార్లర్‌లో వాడిన సీసా పేరు కనుక్కుని, వీలైతే ఫోటో తీసుకుని వెళ్లండి.